రంగు వెయ్యని మస్టాంగ్

1977 డిసెంబరు. న్యూజెర్సీలో ఉండే రాబర్ట్ కీర్నన్‌కి ఒక ఉత్తరం వచ్చింది. పైన డిసెంబరు 14 తేదీ. కింద సినిమా హీరో స్టీవ్ మెక్వీన్ సంతకం. మీ దగ్గరున్న 68 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కారు నాకు తిరిగి కావాలి అన్నది అందులోని విన్నపం. మరీ ఎక్కువ డబ్బు పొయ్యాల్సిన పని లేకపోతే అలాంటిదే ఇంకోటి వెతికి పెడతానన్నాడు, లేదంటే ఈ మాట ఇక్కడితో మరిచిపోదామన్నాడు. ఇంకో మాట కూడా రాశాడు: బాగుచేయించి కొత్తదానిలా మెరిపించే ఉద్దేశం తనకు లేదు, సినిమాలో ఎలా ఉందో అలాగే దాచుకోవాలని ఉందని.

రాబర్ట్ జవాబు రాయలేదు. 1974లో ఒక పత్రికలో ప్రకటన చూసి కొనుక్కున్న బండి అది. ఆయన భార్య బడిలో టీచరు. రోజూ అదే బండి నడుపుకుంటూ పాఠాలు చెప్పడానికి వెళ్లొచ్చేది. ఇంట్లో అందరికీ అక్కరకొచ్చే బండి. అడిగిన మనిషి ఎంత పెద్ద హీరో అయితే మాత్రం, ఎందుకిస్తారు?

1980 నవంబరులో మెక్వీన్ కన్నుమూశాడు. సుమారు 65 వేల మైళ్లు తిరిగిన మస్టాంగ్‌కి అదే ఏడాది క్లచ్ పోయింది. షెడ్డులో పెట్టారు. ఇల్లు మారినప్పుడల్లా బండీ వెంట వెళ్లింది, చివరికి టెన్నెసీ చేరింది. రోడ్డెక్కలేదు, ఊరికీ చెప్పలేదు.

1968లో వచ్చిన 'బులిట్' సినిమా కోసం వార్నర్ బ్రదర్స్ రెండు పచ్చ మస్టాంగ్ జీటీలు వాడింది. సాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో పదకొండు నిమిషాలకు కొంచెం తక్కువగా సాగే ఛేజింగ్ కోసమే అవి. మామూలు బండిని ఆ మెట్టల మీంచి గాల్లోకి లేపితే ముందు చక్రాల దగ్గర బాడీ చీలిపోతుంది. అందుకని మ్యాక్స్ బాల్కావ్‌స్కీ అనే రేసింగ్ మెకానిక్ షాక్ అబ్జార్బర్లు కూర్చునే చోట అదనంగా రేకు వేసి వెల్డింగ్ చేశాడు. స్ప్రింగులు మార్చి కోనీ షాకులు బిగించాడు. మెక్వీన్ కొంత నడిపాడు. ప్రాణం మీదికొచ్చే దూకుళ్లు చాలావరకు స్టంట్ డ్రైవరు బడ్ ఎకిన్స్ నడిపినవి.

ఆ రెండు బండ్ల చాసిస్ నంబర్లు పక్కపక్కవే. దూకిన బండి 8ఆర్02ఎస్125558. దగ్గరి షాట్లలో కనిపించే బండి, రాబర్ట్ ఇంటికి చేరింది, 8ఆర్02ఎస్125559. పాత ఫోర్డుల మీద పనిచేసే మెకానిక్ ఈ నంబరును మనం పేరు చదివినట్టు చదువుతాడు. 8 అంటే 1968 మోడల్. ఆర్ అంటే కాలిఫోర్నియాలో సాన్ హోసే ఫ్యాక్టరీ. 02 అంటే వెనక్కి వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్ బాడీ. ఎస్ అంటే 390 క్యూబిక్ అంగుళాల జీటీ ఇంజిన్, 325 హార్స్‌పవర్.

షూటింగ్ అయ్యేసరికి 558 నలిగి నుజ్జయింది. తుక్కు కింద పంపేశారు. ఎక్కడో నొక్కి ముద్ద చేసేసి ఉంటారని అందరూ వదిలేశారు.

2001లో ఫోర్డ్ కంపెనీ 'బులిట్' పేరుతోనే కొత్త మస్టాంగ్ విడుదల చేసింది. ఆ రోజుల్లోనే రాబర్ట్, కొడుకు షాన్ కలిసి పాత బండిని బాగుచెయ్యాలని విప్పడం మొదలుపెట్టారు. పని సాగలేదు. తండ్రికి పార్కిన్సన్స్ వచ్చింది. 2014లో ఆయన పోయాడు. బండి ముక్కలుగానే మిగిలింది.

ఇక్కడ షాన్ ముందున్న చిక్కు పార్టులు దొరక్కపోవడం కాదు. మజిల్ కార్లలో మస్టాంగ్‌కి దొరికినన్ని పార్టులు ఇంకే బండికీ దొరకవేమో. డైనాకార్న్ అనే కంపెనీ 67-68 ఫాస్ట్‌బ్యాక్ బాడీనే మొత్తంగా, ఫోర్డ్ అనుమతితో, కొత్త రేకుతో తయారుచేసి అమ్ముతుంది. డబ్బుంటే నిన్న ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుండే 1968 మస్టాంగ్ కట్టేయవచ్చు. అయితే దాన్ని ఆ బండి అనగలమా?

అందుకే తెలిసినవాళ్లు పాత పార్టు కోసం పెన్సిల్వేనియాలో కార్లైల్, హర్షీ సంతల్లో మైళ్లకొద్దీ నడుస్తారు. జిడ్డు పట్టిన ఇంజిన్ బ్లాకును గుడ్డతో తుడిచి, ఇనుములో పోత పోసిన అక్షరాలు వెతుకుతారు. సీ8 అని మొదలైతే 1968 మోడల్ కోసం గీసిన డిజైను. పక్కన 8ఏ12 లాంటిది ఉంటే 1968 జనవరి 12న పోత పోసిన ముక్క. బండి తయారైన తేదీకి కొన్ని వారాల ముందుదైతే సంబరం. తర్వాతి తేదీ అయితే, ఎంత బాగున్నా, అది ఆ బండిది కాదు. ఈ పట్టింపు చాదస్తంగా కనిపించవచ్చు గానీ, నాకు దీనిమీద గౌరవం. పాత కోవెల గోడకు సున్నం కొట్టి శాసనం చెరిపేసేవాళ్లకు వీళ్లు సరిగ్గా ఎదురు.

షాన్ 2016లో బండిని మళ్లీ బిగించాడు. ఇంజిన్ తిరిగేలా చేశాడు. రంగు జోలికి మాత్రం వెళ్లలేదు. వెలిసిన పచ్చ, తుప్పు మచ్చలు, పెచ్చులూడిన అంచులు అలాగే ఉంచాడు. బండి అడుగున, తలుపుల కింది అంచున, కెమెరాలు బిగించడానికి షూటింగ్‌లో వెల్డింగ్ చేసిన బ్రాకెట్లు ఉన్నాయి. రేకు పని చేసేవాడెవడైనా ముందుగా కోసి పారేసేది వాటినే. ఇది మెక్వీన్ నడిపిన బండేనని చెప్పే సాక్ష్యమూ అవే.

ఈలోగా 2017లో మెక్సికో నుంచి వార్త. బాహా కాలిఫోర్నియాలో తుక్కులో పడి ఉన్న ఒక మస్టాంగ్ గుల్లను కొని, 'గాన్ ఇన్ సిక్స్టీ సెకండ్స్' సినిమాలో కనిపించే ఎలియనార్ కారు నమూనాగా మార్చడానికి షెడ్డుకు పంపారు. తెల్ల రంగు, ఇంజిన్ లేదు, గేర్‌బాక్స్ లేదు. పని మొదలవుతుండగా నంబరు చూస్తే చివర 558! ఫోర్డ్ ఫ్యాక్టరీ రికార్డులు చేతిలో ఉన్న కెవిన్ మార్టీ స్వయంగా వెళ్లి చూశాడు. బాల్కావ్‌స్కీ వెల్డింగ్ చేసిన షాక్ టవర్లు, షూటింగ్ దీపాల వైర్ల కోసం డిక్కీలో పొడిచిన రంధ్రాలు. అదేనని తేల్చాడు. ఇంకొన్నాళ్లు ఆలస్యమై ఉంటే ఆ గుర్తులన్నీ కొత్త రేకు కింద మాయమయ్యేవి. తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

2018 జనవరి 14న డెట్రాయిట్ ఆటో షోలో, ఫోర్డ్ కొత్త బులిట్ మస్టాంగ్ పక్కనే, షాన్ 559ని జనం ముందుకు తెచ్చాడు. కొత్త బండి రంగు నిగనిగలాడుతోంది. జనం మూగింది మాత్రం పాతదాని చుట్టూ. అమెరికా జాతీయ చారిత్రక వాహనాల రిజిస్టరులో దానికి చోటు దొరికింది.

2020 జనవరి 10న ఫ్లోరిడాలోని కిసిమీలో మీకమ్ సంస్థ దాన్ని వేలం వేసింది. పాట 34 లక్షల డాలర్ల దగ్గర ఆగింది. ఫీజులతో కలిపి 37 లక్షల 40 వేలు. అప్పటిదాకా వేలంలో ఏ మస్టాంగ్‌కీ అంత ధర పలకలేదు. కొన్నదెవరో బయటపెట్టలేదు. షాన్ అప్పగించింది మాత్రం మెక్వీన్ తన ఉత్తరంలో కోరుకున్న బండినే, తుప్పుతో సహా.