పెళ్ళిచూపుల ఫోటో నుంచి సాఫ్ట్‌బాక్స్ దాకా: స్టూడియో లైటు కథ

ఈ ఎపిసోడ్ మండపేటలో మా ఇంట్లోంచే చేస్తున్నా. స్క్రీన్ మీద ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో పెట్టాను, చూడండి. మా పెద్దమ్మ పెళ్ళిచూపుల ఫోటో ఇది. 1981లో తీశారు. ఎంత తెల్లగా ఉందో చూశారా? ముక్కు ఎక్కడ మొదలైందో, బుగ్గ ఎక్కడ ఆగిందో తెలీట్లేదు. అసలు పెద్దమ్మది చామనఛాయ. ఈ ఫోటో చూసి ఒక సంబంధం వాళ్ళు వచ్చారంట. అమ్మాయిని చూసి, కాఫీ తాగి, "ఫోటోలో ఉన్న పిల్ల ఈ పిల్లేనా?" అని అడిగి వెళ్ళిపోయారంట. ఇప్పుడు ఇంట్లో అందరం నవ్వుకుంటాం గానీ, పెద్దమ్మ మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

ఆ ఫోటో అలా ఎందుకొచ్చింది? దాని వెనక వందేళ్ళకు పైబడిన లైటు కథ ఉంది. మీలో చాలామంది ఇప్పుడు ఫ్లాష్ లైట్లు కొందామని చూస్తున్నారు కదా, ఏ వాట్ తీసుకోవాలి, ఏ బ్రాండ్ అని మెసేజ్‌లు పెడుతున్నారు. ఈ కథ తెలిస్తే సగం డౌట్లు వాటంతటవే పోతాయి.

మొదట్లో స్టూడియో అంటే అద్దాల గది. కరెంటు లేదు, ఉన్న లైటల్లా ఆకాశమే. యూరప్‌లో కట్టిన స్టూడియోలకి పైకప్పులో ఉత్తరం వైపు పెద్ద అద్దాలు పెట్టేవాళ్ళు. అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపునే ఉంటాడు కాబట్టి, ఉత్తరం నుంచి ఎండ నేరుగా పడడం తక్కువ, ఎక్కువగా మెత్తటి వెలుగే వస్తుంది. ఆ పుస్తకాలు చదివి మన దగ్గర కూడా "నార్త్ లైట్" అంటుంటారు. కానీ మన లెక్క వేరండీ. మండపేట దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి ఉత్తరం వైపే ఉంటాడు. అంటే మన ఉత్తరం కిటికీలోంచి కూడా ఎండ లోపలికి వస్తుంది. మీ ఇంట్లో కిటికీ లైటుతో తీసేవాళ్ళు ఆ నెలల్లో ఒక తెల్ల పంచె అడ్డంగా కట్టండి. చాలు.

మన వైపు ఈ పగటి వెలుగు రోజుల్లో పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్. ఆయన తెలుగువాడు కాదు, 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో పీడబ్ల్యూడీ ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టుకున్నాడు. (ఇంజినీరింగ్ చదివి కెమెరా వెనక్కి వచ్చిన మొదటివాణ్ణి నేనే అనుకునేవాణ్ణి, కాదన్నమాట.) తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఫోటోగ్రాఫర్‌గా చేరి సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ దాన్ని నడిపింది. ఒక్కసారి ఆలోచించండి. పరదాలో ఉండే ఆడవాళ్ళు ఫోటో దిగాలి. ఫోటోకి ఆకాశం కావాలి, అంటే తెరిచిన గది కావాలి. పరదాకి మూసిన గది కావాలి. లైటు ఎక్కణ్ణుంచి వస్తుందన్న దాన్నిబట్టే ఎవరు ఫోటో దిగగలరో తేలేదన్నమాట.

సూర్యుణ్ణి వదిలించుకోవాలని పాశ్చాత్యులు అప్పటికే తంటాలు పడుతున్నారు. పారిస్‌లో నాడార్ అనే ఆయన 1861లో భూమికింద ఎముకల గుహల్లో బ్యాటరీలు, ఆర్క్ లైట్లు పెట్టి తీశాడు. ఒక్కో ఫోటోకి 18 నిమిషాల దాకా పట్టేది, అందుకని మనుషులకి బదులు బొమ్మలు పెట్టాడు. 1877లో లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో వాన్ డెర్ వెయిడ్ అనే ఆయన ఎలక్ట్రిక్ లైటుతో పోర్ట్రెయిట్ స్టూడియో తెరిచాడు. ఇక 1887లో జర్మనీలో మీతె, గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేట్, యాంటిమొని సల్ఫైడ్ కలిపి ఫ్లాష్ పౌడర్ చేశారు. దీపావళి మందు అనుకోండి, అంతే. భగ్గుమని మండుతుంది, గదంతా తెల్లటి పొగ. న్యూయార్క్ మురికివాడలు తీసిన జేకబ్ రీస్ ఈ పౌడర్‌తో ఇళ్ళకి నిప్పంటించాడు, ఒకసారి తనకే అంటించుకున్నాడు. రెండో ఫోటో తియ్యాలంటే పొగ పోయేదాకా కూర్చోవాలి.

ఆ పొగ బాధ 1929లో జర్మనీలో వచ్చిన ఫ్లాష్ బల్బుతో తీరింది. గాజు బుడ్డిలో అల్యూమినియం రేకు, ఆక్సిజన్. కాకపోతే ఒక బల్బు, ఒక ఫోటో, ఇక పారెయ్యడమే.

మన ఊళ్ళ స్టూడియోలు ఈ ఖర్చు జోలికి పోకుండా పెద్ద పెద్ద ఫోటోఫ్లడ్ బల్బులు పెట్టుకున్నాయి. ఇవి ఆగకుండా వెలిగే లైట్లు. మామూలు బల్బుకి ఎక్కువ వోల్టేజ్ ఇచ్చినట్టు ఉంటుంది వీటి పని. అందుకే వెలుగు ఎక్కువ, ఆయుష్షు కొన్ని గంటలే. అప్పట్లో అందరికీ సినిమా లైటింగే గురువు. 1957లో మార్కస్ బార్ట్లే మాయాబజార్‌లో వెలుగునీడలతో ఏం చేశాడో చూస్తే ఎవరికైనా చెయ్యి దురద పెడుతుంది. కానీ బార్ట్లే దగ్గర నీడ కూడా ఉంటుందండీ. మన స్టూడియోలో కుడివైపొకటి, ఎడమవైపొకటి సమానంగా పెట్టేసి నీడని చంపేసేవాళ్ళు. నీడ చస్తే ముక్కు చస్తుంది.

పెద్దమ్మ ఫోటోకి జరిగింది అదే. రెండు వైపులా బల్బులు, మొహానికి పౌడర్, ఆపైన నెగటివ్ మీద పెన్సిల్. నెగటివ్‌లో పెన్సిల్ గీసినచోట ప్రింట్‌లో తెల్లగా వస్తుంది. ఆ స్టూడియో ఆయన్ని తప్పుపట్టను. "అమ్మాయి తెల్లగా రావాలండీ" అని అడిగింది మా తాతగారే. ఇది మన ఒక్కళ్ళ జబ్బూ కాదు. అమెరికాలో కొడాక్ వాళ్ళు కలర్ ప్రింట్లు సరిచూసుకోవడానికి ల్యాబులకి పంపిన షర్లీ కార్డుల మీద ఏళ్ళతరబడి ఉన్నది తెల్ల అమ్మాయిలే. అందరి చర్మాన్నీ ఆ కొలతతోనే చూశారు.

ఇప్పుడు అసలు హీరో దగ్గరికొద్దాం. హెరాల్డ్ ఎడ్జర్టన్, అమెరికాలో ఎంఐటీలో ఎలక్ట్రికల్ ఇంజినీర్. 1930ల మొదట్లో, తిరిగే మోటార్లు ఆగినట్టు కనపడాలని గ్యాస్ నింపిన ట్యూబుని చాలా వేగంగా వెలిగించి ఆర్పాడు. పాలచుక్క కిరీటంలా చిందే ఫోటో మీరు చూసే ఉంటారు, అది ఆయనదే. 1944లో నార్మండీ దాడికి ముందు రాత్రిపూట విమానాల నుంచి ఫోటోలు తియ్యడానికి కూడా ఆయన ఫ్లాష్‌లే వాడారు. ఇవాళ మీరు కొనే ప్రతి స్టూడియో ఫ్లాష్ లోపలా ఆయన ఐడియానే.

లోపల ఏముంటుందంటే, కెపాసిటర్. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర నీళ్ళు నింపి ఒకేసారి గేట్లెత్తితే ఎలా ఉంటుందో అలా. బీటెక్‌లో మీరు బట్టీ పట్టిన ఫార్ములానే: కెపాసిటెన్స్‌ని వోల్టేజ్ వర్గంతో గుణించి సగం చెయ్యాలి. 1000 మైక్రోఫారడ్‌లు, 350 వోల్టులు ఉంటే సుమారు 61 వాట్-సెకండ్లు. 200 వాట్-సెకండ్ల ఫ్లాష్ సెకనులో వెయ్యోవంతులో ఖాళీ అయిందనుకోండి, ఆ క్షణానికి అది 2 లక్షల వాట్ల లైటు. అయినా మొహానికి వేడి తగలదు. మే నెలలో ఫోటోఫ్లడ్ కింద కూర్చున్న పెళ్ళికూతుర్ని అడిగితే ఈ తేడా విలువ చెప్తుంది. ఒక జాగ్రత్త: ప్లగ్ పీకినా ఆ కెపాసిటర్‌లో చార్జ్ ఉంటుంది. యూట్యూబ్ చూసి విప్పకండి.

1958లో స్విట్జర్లాండ్‌లో బ్రాన్‌కలర్, 1962లో ఎలిన్‌క్రోమ్, 1968లో స్వీడన్‌లో ప్రోఫోటో. ఇవన్నీ మహానగరాల యాడ్ స్టూడియోల సరుకు. బ్రిటన్‌లో బోవెన్స్ కంపెనీ 2017లో మూతపడింది గానీ, దాని మౌంటు బతికిపోయింది. ఇప్పుడు చైనా గోడాక్స్ మొదలుకొని చాలా కంపెనీల లైట్లకి ఆ మౌంటే. కొనేటప్పుడు అది ఉందో లేదో చూసుకోండి. రేపు లైటు మార్చినా గొడుగు, సాఫ్ట్‌బాక్స్ మార్చక్కర్లేదు.

వాట్స్ గురించి చెప్తాను, ఇక్కడే అందరూ డబ్బులు పోగొట్టుకునేది. 200 బదులు 400 కొంటే వెలుగు రెట్టింపు, నిజమే. ఫోటోలో అది ఒక్క స్టాప్ తేడా. అదే 200 లైటుని మనిషికి 6 అడుగుల నుంచి 4 అడుగుల దూరానికి జరపండి. వెలుగు 2 రెట్లకి పైనే పెరుగుతుంది. పైసా ఖర్చు లేదు. పైగా గొడుగు దగ్గరికొచ్చేసరికి మొహానికి పెద్దదిగా కనపడి, నీడ అంచు మెత్తబడుతుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా దూరంగా ఉన్నాడు కాబట్టే మధ్యాహ్నం నీడ కత్తిలా ఉంటుంది. అందుకే ఒకే లైటు, ఒక పెద్ద తెల్ల గొడుగుతో మొదలుపెట్టండి. రెండో లైటు కొనే ముందు ఒక తెల్ల థర్మోకోల్ షీటు కొనండి.

పెళ్ళిళ్ళు తీసేవాళ్ళు మాత్రం వాట్స్ కంటే ముందు రీసైకిల్ టైమ్ అడగాలి. అంటే ఒకసారి వెలిగాక మళ్ళీ నిండటానికి పట్టే టైము. నా మొదటి పెళ్ళి కవరేజ్‌లో మొదటి ముడికి ఫ్లాష్ వెలిగింది. తర్వాత నా పాత ఫ్లాష్ సన్నగా కూత పెడుతూ నిండుతూనే ఉంది. నిండేసరికి మూడు ముళ్ళూ పడి, తలంబ్రాల పళ్ళెం వచ్చేసింది. "మళ్ళీ ఒకసారి కట్టండి" అని పురోహితుడుగారికి చెప్పలేం కదండీ. ఇంకోటి, చాలా కెమెరాల్లో షటర్ 1/200 దాటిస్తే ఫోటోలో నల్లపట్టీ పడుతుంది. హై స్పీడ్ సింక్ ఉంటే దాటొచ్చు, కానీ వెలుగు బాగా పడిపోతుంది. ఇంట్లో బాబాయి బీరువాలో దొరికిన పాత ఫ్లాష్‌ని డిజిటల్ కెమెరా మీద నేరుగా పెట్టకండి. కొన్ని పాతవాటి ట్రిగర్ వోల్టేజ్ 200 కూడా దాటుతుంది, కెమెరా సర్క్యూట్ పోతుంది.

ఫోన్‌తో తీసేవాళ్ళు అడుగుతారు, మాకు స్టూడియో ఫ్లాష్ పనిచేస్తుందా అని. చాలా ఫోన్లతో కుదరదు, టైమింగ్ కలవదు. మీరు ఎల్ఈడీ లైటు తీసుకోండి, గొడుగు, దూరం, పక్కవాటం లెక్క మాత్రం అదే.

పోయిన నెల పెద్దమ్మని కూర్చోబెట్టాను. 200 వాట్-సెకండ్ల లైటు ఒకటే, ఎడమవైపు, తలకంటే కొంచెం పైన, 4 అడుగుల దూరం. పవర్ నాలుగో వంతు. కుడివైపు ఏమీ పెట్టలేదు. పౌడర్ తెచ్చుకోబోతే వద్దన్నాను. "ఒరేయ్, ఈ పక్క నల్లగా వస్తుందేమోరా" అంది. "రానీ పెద్దమ్మా" అన్నాను.

అదిగో, స్క్రీన్ మీద రెండో ఫోటో. ముక్కుపుడక కింద చిన్న నీడ కనపడుతోందా? ప్రింట్ వేయించి ఇస్తే చాలాసేపు చూసింది. పాత ఫోటో ఫ్రేమ్‌లోంచి తీసేసి, ఇది పెట్టమంది. పాతదాన్ని పారెయ్యనివ్వలేదు, దీని వెనకాలే ఉంచమంది.