బ్లడ్‌ క్యాన్సర్‌: రిపోర్టులోని మాటలకు అర్థమేంటి?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో చేయించుకున్న రక్తపరీక్షలో తెల్లకణాలు పెరిగాయని వస్తే బ్లడ్‌ క్యాన్సరేనని భయపడకండి. ఇన్ఫెక్షన్‌ వచ్చినా అవి పెరుగుతాయి. కానీ ‘బ్లాస్ట్స్‌’ (పూర్తిగా ఎదగని కణాలు) అని రాసి ఉంటే అదే రోజు డాక్టర్‌కు చూపించండి. జబ్బును నిర్ధారించడానికి సాధారణంగా ఎముక మూలుగ పరీక్ష చేస్తారు.

లుకేమియా: ఎముక మూలుగలో మొదలై రక్తంలోకి వచ్చే క్యాన్సర్‌.

లింఫోమా: లింఫ్‌ గ్రంథులకు వచ్చేది. మెడ, చంక, గజ్జల్లో నొప్పి లేని గడ్డలు కనిపించవచ్చు.

మైలోమా: ప్లాస్మా కణాలకు వచ్చేది. ఎముకల నొప్పి, రక్తహీనత, కిడ్నీ సమస్యలు రావచ్చు.

అక్యూట్‌, క్రానిక్‌: ఇవి స్టేజీలు కావు, జబ్బు వేగాన్ని చెప్పే మాటలు. అక్యూట్‌ త్వరగా ముదురుతుంది, చికిత్స వెంటనే మొదలవ్వాలి. క్రానిక్‌ నెమ్మదిగా పెరుగుతుంది. క్రానిక్‌ మైలాయిడ్‌ లుకేమియాను ఇమాటినిబ్‌ వంటి మాత్రలతో చాలామందిలో ఏళ్లపాటు అదుపులో ఉంచవచ్చు.

రెమిషన్‌: పరీక్షల్లో జబ్బు ఆనవాళ్లు కనిపించకపోవడం. అలాగని డాక్టర్‌ చెప్పకుండా మందులు ఆపకూడదు.

బెంగళూరులో కర్ణాటక ప్రభుత్వ క్యాన్సర్‌ సంస్థ కిద్వాయి ఉంది. అక్కడికైనా, మరెక్కడికైనా బయలుదేరే ముందు 104కు ఫోన్‌ చేసి, ఆ ఆస్పత్రిలో మీ జబ్బుకు ఎన్టీఆర్‌ వైద్యసేవ వర్తిస్తుందో లేదో తెలుసుకోండి. ఆధార్‌, రేషన్‌ కార్డుతో పాటు పాత రిపోర్టులన్నీ వెంట తీసుకెళ్లండి.