దుంగను మోసిన పెద్ద చక్రములు

అడవిలో చెట్టును నరకుట ఒక పని. నరికిన దుంగను అడవి దాటించుట మరియొక పని. మొదటిదానికి గొడ్డలి, రంపము, ఇద్దరు మనుష్యులు చాలుదురు. రెండవదానికి మానవుడు ఎన్నో ఉపాయములు పన్నవలసివచ్చెను. నది ఉన్నచోట నీటిపై తేల్చెను. గోదావరిలో వెదురును తెప్పలుగా కట్టి దిగువకు తెచ్చుట తెలుగువారెరిగినదే. నీరు లేని చోట ఏనుగులచేతను, ఎడ్లచేతను, గుఱ్ఱములచేతను ఈడ్పించెను. ఈ ఈడ్పులోని కష్టమును తగ్గించిన సాధనములలో ఒకటి, ఒక చిన్న పట్టణమున బండిచక్రములు చేసికొని బ్రతుకు పనివాని దుకాణమునుండి వెలువడెను. నేడు చిన్న రైతులు పాత ఇరుసుతో ఇంటివద్దనే చేసికొను దుంగబండి కూడ అదే సూత్రముపై నడచును.

దుంగను ఈడ్చుట ఎందుకంత కష్టము? నాలుగు మీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వ్యాసము గల పచ్చి దుంగ నొకదానిని తీసికొన్నచో దాని ఘనపరిమాణము సుమారు 0.28 ఘనమీటరు. పచ్చి కలప బరువు చెట్టు జాతిని బట్టి మారును. లెక్క సులువగుటకు అది నీటితో సమానమైన బరువు గలదని అనుకొన్నచో దుంగ 280 కిలోగ్రాములు తూగును. నేలకును దుంగకును గల ఘర్షణ గుణకము 0.6 అనుకొన్నచో, దానిని సమతలముపై ఈడ్చుటకు 168 కిలోగ్రాముల బరువు నెత్తునంత బలము కావలయును. పైగా దుంగ ముందు కొన నాగలి కఱ్ఱువలె మట్టిలో దిగబడును. రాయి గాని మొద్దు గాని అడ్డుపడినచో పశువు ఉన్నచోటనే నిలిచిపోవును. దుంగ గీచిన చాలు వర్షములు పడగానే కాలువగా మారి అడవి మట్టిని కొట్టుకొనిపోవును.

ఈ చిక్కు అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున చాల తీవ్రముగా కనబడెను. అక్కడ 19వ శతాబ్దమున తెల్ల పైన్ చెట్ల మహారణ్యములుండెను. 1871లో చికాగో నగరము అగ్నికి ఆహుతి కాగా, దానిని తిరిగి కట్టుటకు ఈ రాష్ట్రమునుండి ఎంతో కలప వెళ్ళెను. అచ్చట దుంగలను తరలించుట శీతకాలపు పని. నేల గడ్డకట్టగానే బాటపై నీరు చల్లుదురు. రాత్రికి అది మంచుగడ్డ యగును. ఆ నున్నని బాటపై, చక్రములు లేని జారుడుబండ్లలో దుంగలను ఎత్తుగా పేర్చి గుఱ్ఱములచేత నది యొడ్డునకు లాగించుచుండిరి. వసంతమున మంచు కరగి నది పొంగగా, దుంగలు ప్రవాహముతో రంపపు మిల్లులకు చేరుచుండెను. ఏర్పాటు చక్కనిదే కాని, అంతయు చలిపై ఆధారపడియుండెను. చలి తగ్గిన యేడు బాట బురదయగును. నరికిన దుంగలు అడవిలోనే పడియుండును. కూలీలకు ముందుగా డబ్బిచ్చిన వ్యాపారి నష్టపోవును. వేసవిలోనైతే పనియే లేదు.

మిచిగన్ సరస్సు తీరమునగల మానిస్టీ పట్టణమున సైలస్ ఓవర్‌పాక్ అను బండ్లు చేయు పనివాడుండెను. ఒక రైతు అతని యొద్దకు వచ్చి మామూలు కంటె చాల పెద్దవైన చక్రముల జత కావలెనని అడిగెననియు, కొంతకాలమునకు తిరిగివచ్చి మరియొక జత కోరెననియు, ఎందులకని ప్రశ్నింపగా దుంగలను లాగించుటకని చెప్పెననియు ఒక కథ వాడుకలో కలదు. ఎట్లయినను 1875లో ఓవర్‌పాక్ ఈ దుంగచక్రములను తయారుచేసి అమ్మ నారంభించెను. వాని వ్యాసము 9 మొదలు 10 అడుగులు. అనగా పొడవైన మనిషి పక్కన నిలిచినను చక్రము అతని తల కంటె మూడు నాలుగు అడుగులు పైకుండును. ఇరుసునుండి ముందుకు 16 అడుగుల నొగ సాగియుండును.

ఇది పని చేయు విధము గమనింపదగినది. చక్రములు రెండును దుంగకు ఇరుప్రక్కల నిలుచునట్లు బండిని దానిమీదుగా నడిపింతురు. పిమ్మట నొగను ఆకాశమువైపునకు నిలువుగా ఎత్తుదురు. అపుడు ఇరుసుకు తగిలించిన కొక్కెము క్రిందికి వచ్చును. దుంగక్రిందుగా గొలుసు దూర్చి దానిని కొక్కెమునకు తగిలింతురు. ఇక నొగను క్రిందికి లాగినచో ఇరుసు తిరిగి, గొలుసు బిగిసి, దుంగ నేలనుండి పైకి లేచును. నొగ పొడవైన తులాదండము, ఇరుసు దాని ఆధారబిందువు, దుంగ భారము. ఒక మనిషి ఎత్తలేని మానును గడ్డపారతో కదిలించుట వంటిదే ఈ యుక్తి. పిమ్మట దుంగ ముందు భాగమును నొగకు కట్టివేసి గుఱ్ఱములను తోలుదురు. బండిమీదికి దుంగను ఎక్కించు పనియే లేదు. దుంగ ఇరుసు క్రింద వ్రేలాడును, తోక మాత్రము నేలను రాచుకొనును.

పై లెక్కనే మరల చూచినచో లాభము తెలియును. దుంగ బరువులో సగము చక్రములపై పడెననియు, అడవి నేలపై చక్రమునకు గుణకము 0.1 అనియు అనుకొన్నచో, చక్రములకు 14, ఈడ్వబడు తోకకు 84, మొత్తము 98 కిలోగ్రాముల బలము చాలును. బరువంతయు చక్రములపైననే ఉన్నచో 28 కిలోగ్రాములు చాలును. అనగా కావలసిన బలము ఆరవవంతునకు దిగును. చక్రము పెద్దదైనకొలది మొద్దులను, గుంటలను సులువుగా దాటును.

ఓవర్‌పాక్ చక్రములు 12 మొదలు 100 అడుగుల పొడవు గల దుంగలను, 1000 మొదలు 2000 బోర్డు అడుగుల కలపను ఒక్కసారి మోయుచుండెను. బోర్డు అడుగనగా ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు, ఒక అంగుళము మందము. కావున 2000 బోర్డు అడుగులు సుమారు 167 ఘనపుటడుగులు. ఇక మంచుతో పనిలేకుండ వేసవిలోను పని సాగెను. 1877లో విన్‌ఫీల్డ్ స్కాట్ గెరిష్ అను వ్యాపారి మిచిగన్ అడవిలోనికి రైలుబాట వేయించి నడిపెను. అట్టి బాటలు పెరిగినకొలది, చెట్టు పడిన చోటినుండి రైలు వరకు దుంగను చేర్చుటకు ఈ చక్రములే తోడ్పడెను.

అయితే ఘర్షణ తగ్గుటలో ఒక అపాయము దాగియున్నది. నేలపై ఈడ్వబడు దుంగకు ఘర్షణయే బ్రేకు. అయిదు మీటర్లకు ఒక మీటరు దిగు పల్లములో పై దుంగ తనంతట తాను జారదు. దానిని పూర్తిగా చక్రములపై ఎక్కించినచో, ఘర్షణ పోగా మిగిలిన సుమారు 28 కిలోగ్రాముల బలము దానిని ముందుకు నెట్టుచుండును. బరువు రెండు టన్నులైనచో ఆ నెట్టుడు 200 కిలోగ్రాములగును. అది నేరుగా గుఱ్ఱముల మీదను, తోలువాని మీదను పడును. చదునైన చోట చెల్లిన బండి కొండవాలులో ప్రాణాంతకమగుట ఇందువలననే.

దీనికి విరుగుడుగా వచ్చినదే జారెడు నొగ. పశ్చిమ అమెరికా అడవులలో ఇది వాడుకకు వచ్చెను. ఇందు నొగ ఇరుసుకు బిగింపబడక ముందువెనుకలకు జారును. గుఱ్ఱములు లాగినపుడు అది ముందుకు జారి గొలుసును బిగించి దుంగను ఎత్తును. పల్లములో బండి గుఱ్ఱములను తరుమబోవగానే నొగ వెనుకకు జారును. గొలుసు వదులై దుంగ నేలకు దిగి ఈడ్వబడును. ఏ ఘర్షణను వదిలించుకొనుటకు చక్రములు పెట్టిరో, ఆ ఘర్షణనే అవసరమైనపుడు తిరిగి పిలిచిరన్నమాట.

కాలక్రమమున గుఱ్ఱముల స్థానమును యంత్రములు ఆక్రమించెను. 1901లో ఆల్విన్ లంబార్డ్, ఇనుప పట్టాలపై ప్రాకు ఆవిరియంత్రమునకు పేటెంటు పొందెను; అది మంచుబాటలపై దుంగబండ్ల వరుసలను లాగెను. 1920 ప్రాంతమున మోటారు వాహనములు రాగా మిచిగన్‌లో పెద్ద చక్రములు మూలపడెను. కాని సూత్రము పోలేదు. ట్రాక్టరు వెనుక ఇనుప కమాను నొకదానిని తగిలించి, దుంగల ముందు కొనలను దానికి వ్రేలాడదీసి లాగుట మొదలయ్యెను.

సామాన్యునికి ఈ సాధనమును అందుబాటులోనికి తెచ్చినది పాత కారు. 1908 మొదలు 1927 వరకు ఫోర్డు కంపెనీ తన టి-నమూనా కార్లను కోటిన్నర వరకు తయారుచేసెను. అవి పాతబడి తుక్కుగా మారగా, ఇరుసులు, చక్రములు స్వల్ప వెలకు దొరకెను; అమెరికా రైతులు వానితో ట్రైలర్లు చేసికొనిరి. నేటి చిన్న రైతు చేసికొను దుంగబండియు అట్టిదే. ఒక జత చక్రములు, వానిపై తిరుగవేసిన ‘యు’ ఆకారపు ఇనుప గొట్టము, ముందుకు ఒక నొగ, దుంగను ఎత్తుటకు గొలుసు లేక చేతి మర: ఇంతే. ఖర్చు తక్కువ, పని ఎక్కువ.

కాని వెల తగ్గించుటలో భద్రత తగ్గరాదు. బండిని ట్రాక్టరు వెనుక ఇరుసు కంటె దిగువనే తగిలింపవలయును. పైన తగిలించి లాగినచో ట్రాక్టరు ముందు చక్రములు లేచి, అది క్షణములో వెనుకకు తిరుగబడి నడుపువానిని నలిపివేయును. బరువు ఇరుసుకు కొంచెము ముందుండవలయును. వెనుకకు పోయినచో నొగ పైకి లేచి ట్రాక్టరు పట్టును పోగొట్టును. పాత ఇరుసు తొలుత ఎంత బరువునకు చేయబడినదో అంతకు మించి మోపరాదు. పల్లములో దుంగ తోకను నేలను రాయనీయవలయును.

పాఠశాలలో దీనిని పరీక్షించుట సులభము. ఒక కఱ్ఱముక్కకు స్ప్రింగుత్రాసు తగిలించి బల్లపై లాగి, త్రాసు చూపు అంకె వ్రాసికొనవలయును. పిమ్మట ముందు కొన క్రింద రెండు గుండ్రని పెన్సిళ్లనుంచి లాగవలయును. అంకె తగ్గును. ఇపుడు బల్లను ఒకవైపు ఎత్తి, పెన్సిళ్లతోను, పెన్సిళ్లు లేకుండను ఏ వాలులో ముక్క తనంతట తాను కదలునో చూడవలయును. ఓవర్‌పాక్ చక్రముల మేలును, వాని అపాయమును ఈ ఒక్క బల్లమీదనే విద్యార్థులకు కనబడును.