పురపాలక సంఘాల పన్నులూ పనులూ

పట్టణవాసులు కోరితే తమపై తామే పన్ను విధించుకొని వీధులు బాగుచేసుకోవచ్చునన్న 1850 నాటి చట్టం అమలులో ఉండగా, 1861లో భీమునిపట్నంలో పురపాలక సంఘం ఏర్పడింది. మద్రాసు ప్రభుత్వం 1865లోనూ 1871లోనూ చేసిన చట్టాలు ఈ ఏర్పాటును విస్తరించి, రోడ్లతో పాటు బడులు, ఆసుపత్రులు, మశూచి టీకాలు, జననమరణాల నమోదు వంటి బాధ్యతలను సంఘాలకు అప్పగించాయి. సంఘ సభల్లో ఎక్కువగా సాగింది, ఇప్పటి చదువరికి విసుగు పుట్టించగలిగినంత నిరాడంబరమైన వ్యవహారమే: మురుగు కాలువల పూడికతీత, కిరోసిన్ వీధిదీపాల నిర్వహణ, అంగళ్ల అద్దె, ఇంటి వార్షిక అద్దె విలువను అంచనా కట్టి వేసే ఇంటిపన్నుపై అభ్యంతరాలు. అయితే పట్టణ ప్రజలకు ప్రభుత్వం ముఖాముఖి తగిలింది ఈ పద్దుల్లోనే. చీరాల, పేరాలను కలిపి పురపాలక సంఘం చేసినప్పుడు ఏటా సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్నుభారం దాదాపు 40,000కు పెరగగా, చేనేతవారు గణనీయంగా ఉన్న ఆ ఊరివారు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు విడిచి, పొలిమేర దాటి, రామనగర్ అనే పాకల ఊరు కట్టుకొని నెలల తరబడి నివసించారు. కట్టుబాట్లు చూసుకొనేందుకు రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని కూడా గోపాలకృష్ణయ్య నడిపారు.