మోచేతి నొప్పికి అతిధ్వని మంత్రం

2005 డిసెంబర్ 10న ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లాలో శ్రీలంక మీద సచిన్ టెండూల్కర్ 35వ టెస్టు సెంచరీ కొట్టి గవాస్కర్ రికార్డు దాటాడు. అంతకు ఏడు నెలల ముందే లండన్‌లో అతని ఎడమ మోచేతికి ఆపరేషన్ జరిగింది. 'టెన్నిస్ ఎల్బో' అనే మాట మన ఇళ్లలోకి వచ్చింది ఆ రోజుల్లోనే.

కొన్నేళ్లకు బ్యాటు పట్టకుండానే నాకూ అది వచ్చింది. నోయిడాలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌కి వెళితే పది సిట్టింగులు అల్ట్రాసౌండ్ పెట్టించుకోమన్నారు. జెల్ రాసి, గుండ్రటి పరికరంతో అయిదు నిమిషాలు రుద్దారు. దీంతో స్నాయుబంధనం, అదే టెండన్, ఎలా బాగుపడుతుందని అడిగితే "సైంటిఫిక్ మెషీన్ సార్" అన్నారు. తాయెత్తు కట్టేవాణ్ణి నిలదీసే నేను, ఆ ఒక్క మాటకు నోరు మూసుకుని డబ్బు కట్టాను. తర్వాత సిగ్గుపడి దీని చరిత్ర చదివాను.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల్ని పసిగట్టడానికి ఫ్రాన్స్‌లో లాంజెవిన్ అతిధ్వనుల్ని పుట్టించాడు. ఆ ధ్వని దారిలో పడ్డ చేపలు చచ్చిపోవడం చూశాడు. 1927లో అమెరికాలో వుడ్, లూమిస్ జీవకణాల మీద దాని ప్రభావాన్ని వివరంగా పరిశీలించారు. 1930ల చివర జర్మనీలో పోల్మన్ దాన్ని వైద్యానికి వాడాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫిజియోథెరపీ గదుల్లో ఇది మామూలైపోయింది. సెకనుకు 10 లక్షలో 30 లక్షలో కంపనాలు. కణజాలం కొద్దిగా వేడెక్కుతుంది. ఇంతవరకు నిజమే. కానీ వేడెక్కడం వేరు, గాయం మానడం వేరు.

మరి పరీక్షలేమన్నాయి? 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 76 మంది టెన్నిస్ ఎల్బో రోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. అతిధ్వని అందినవారిలో 63 శాతం, ఉత్తుత్తి చికిత్స పొందినవారిలో 29 శాతం మెరుగయ్యారు. ఆశ కలిగించే ఫలితమే. అయితే 1988, 1991లలో వచ్చిన స్వీడన్ పరీక్షల్లో అసలు చికిత్సకూ ఉత్తుత్తి చికిత్సకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంతకుముందే 1986లో బ్రిటన్‌లో ఒక చిత్రం జరిగింది. జ్ఞానదంతం తీయించుకున్నవారికి మెషీన్ ఆపేసి రుద్దినా వాపు తగ్గింది!

2001లో రాబర్ట్‌సన్, బేకర్ 35 పరీక్షల్ని వడపోశారు. పద్ధతి సరిగా ఉన్నవి 10. వాటిలో ఉత్తుత్తి చికిత్స కంటే మేలు చూపినవి రెండే. ఆ రెంటిలో ఒకటి భుజం టెండన్‌లో కాల్షియం పేరుకున్నవారి మీద వియన్నాలో జరిగింది, 1999లో వచ్చింది. అక్కడ గడ్డలు నిజంగానే కరిగాయి, నొప్పీ తగ్గింది. తొమ్మిది నెలలయ్యేసరికి మాత్రం నొప్పిలో తేడా నిలవలేదు. అనుకూలంగా ఉన్నదాన్ని దాచకూడదు కనుక ఇదీ చెబుతున్నాను.

నా నొప్పి తగ్గింది. మెషీన్ వల్లనా? టెన్నిస్ ఎల్బో చాలామందికి ఏడాదిలోపు తనంతట తానే తగ్గిపోతుంది. బరువు మెల్లగా పెంచుతూ చేసే వ్యాయామాలకు ఇంతకంటే మంచి ఆధారాలున్నాయి. అవీ చేశాను. కాబట్టి నా మోచెయ్యి దేనికీ సాక్ష్యం కాదు. ఆ మాటకొస్తే ఏ చికిత్సకైనా సచిన్ మోచెయ్యి ఒక్కటీ రుజువు కాదు.

బాబా విభూతి ఇచ్చాక జ్వరం తగ్గిందంటే "ఇవ్వకపోయినా తగ్గేది కాదా?" అని అడుగుతాం. ప్లగ్గూ స్విచ్చూ ఉన్నంత మాత్రాన ఆ ప్రశ్న మానేస్తే మనది హేతువాదం కాదు, యంత్రభక్తి.