రన్నర్ అనే ఉద్యోగం, రన్నర్స్ అనే సంఘం

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా రాసివ్వమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. కోటల గురించి, రాజుల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరైనవాడిని. అందుకని ఒక చిన్న మాట చరిత్ర రాస్తున్నాను. ఆ మాట 'రన్నర్'.

ఇప్పటి పిల్లలకు ఈ మాట వినగానే బూట్లు వేసుకుని తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తేవాళ్లు గుర్తుకొస్తారు. మా శాఖలో మాత్రం అది ఒక హోదా. ఒక పోస్టాఫీసు నుంచి మరో పోస్టాఫీసుకు సంచీ మోసుకుపోయే చిన్న ఉద్యోగిని కాగితాల మీద 'ఇ.డి. రన్నర్' అని రాసేవారు. మా కాలానికి అతడు నడిచో, సైకిలు మీదో పోయేవాడే గాని పరుగెత్తేవాడు కాదు. 2001లో ఇ.డి. ఏజెంట్లందరికీ 'గ్రామీణ డాక్ సేవక్' అనే పేరు వచ్చింది.

ఆ పేరు వెనుక నిజమైన పరుగే ఉంది. 14వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన ఇబ్న్ బతూతా దాన్ని కళ్లకు కట్టినట్టు వర్ణించాడు. మజిలీ మజిలీకి మనుషులు సిద్ధంగా ఉండేవారట. ఒక చేత ఉత్తరం, మరో చేత రాగి గంటలు కట్టిన కర్ర పట్టుకుని పరుగెత్తేవారట. గంటల చప్పుడు వినగానే అవతలి మజిలీవాడు లేచి తయారయ్యేవాడు. ఈ కాలినడక తపాలా గుర్రపు తపాలాకంటే వేగంగా పోయేదని కూడా రాశాడు. సుల్తాను దౌలతాబాదులో ఉంటే నలభై రోజుల దూరం నుంచి గంగాజలం ఇలాగే మోసుకొచ్చేవారట. ఆ తర్వాతి కాలంలో హర్కారాలు అన్నా, డాక్ రన్నర్లు అన్నా వీళ్ల వారసులే. ఈటె, గంటలు, రాత్రయితే కాగడా వాళ్ల సామాను.

నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేది. 1869 నుంచి సొంత బిళ్లలు కూడా ఉండేవి. 1950 ఏప్రిల్ 1న అది భారత తపాలా శాఖలో కలిసిపోయింది. ఈలోగా రోడ్లు పడ్డాయి. 1932లో నిజాం రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సు వచ్చినచోట రన్నరు అవసరం తీరిపోయింది. ఇది మంచికే జరిగింది. ఎండలో, వానలో, అడవిలో కొద్దిపాటి జీతానికి పరుగెత్తడం ఎవరూ కోరుకునే బతుకు కాదు.

అయితే కాలికి పని చెప్పడం మన ప్రాంతంలో పూర్తిగా పోలేదు. ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశస్థులు చెప్పులు లేకుండా నడిచి, జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి జలం తెస్తారు. అది భక్తి. ఉద్యోగం కోసం పరుగు కూడా ఉంది. 2022 కానిస్టేబుల్ నియామకాల్లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తవలసి వచ్చింది. అలాంటి ఉద్యోగం దొరికాక ఆ పరుగు అక్కడితో ఆగిపోతుంది.

జీతం లేదు, మొక్కు లేదు, ఉద్యోగం లేదు. అయినా పరుగెత్తడం కొత్త సంగతి. దానికి మన రాష్ట్రంలో రూపం ఇచ్చిన సంస్థల్లో ముఖ్యమైనది 2007లో ఏర్పడిన 'హైదరాబాద్ రన్నర్స్'. ఈ సంఘమే 2011 నుంచి హైదరాబాద్ మారథాన్ నడుపుతోంది. ఆగస్టు చివర్లో నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజా నుంచి బయలుదేరి, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ గచ్చిబౌలి స్టేడియం చేరాలి. ఆ ఎత్తుపల్లాల వల్ల, వానాకాలపు ఉక్క వల్ల అది కఠినమైనదని పేరు.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట నుంచి స్టేడియంలో రాజుగారి ఆసనం ముందు దాకా పరుగెత్తిన దూరం అది. 1921లో దాన్నే ఖాయం చేశారు. మన లెక్కలో చెప్పాలంటే సగం మారథాన్ సుమారుగా మెట్‌పల్లి నుంచి కోరుట్ల పోయి తిరిగి వచ్చినంత. పూర్తి మారథాన్ అంటే రెండుసార్లు పోయి రావాలి. అంతకంటే పెద్దవి కూడా ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో 1921లో మొదలైన 'కామ్రేడ్స్' పరుగు దాదాపు 90 కిలోమీటర్లు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల జ్ఞాపకార్థం పెట్టారు. పన్నెండు గంటల్లో పూర్తి చేయాలి. ఒక్క సెకను దాటినా పతకం లేదు. ఈమధ్య మన దేశం నుంచి కూడా వందల సంఖ్యలో వెళ్తున్నారు.

ఇవన్నీ మనవంటి వాళ్లకెందుకని కొందరు మిత్రులు అనవచ్చు. అందుకే ఫౌజాసింగ్ గారి సంగతి చెప్పాలి. పంజాబు రైతు. 1992లో భార్య, 1994లో కొడుకు పోయారు. ఆ దుఃఖంలో లండన్‌లో ఉంటూ పరుగు మొదలుపెట్టారు. హర్మందర్‌సింగ్ అనే శిక్షకుడి దగ్గర 'సిఖ్స్ ఇన్ ది సిటీ' అనే పరుగు బృందంలో చేరారు. 2000లో, 89 ఏళ్ల వయసులో లండన్ మారథాన్ పూర్తి చేశారు. 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో పూర్తి మారథాన్ ముగించారు. 2013లో హాంకాంగ్‌లో 10 కిలోమీటర్లు పరుగెత్తి విరమించారు. 2025 జులైలో 114 ఏళ్ల వయసులో సొంత ఊరి దగ్గర కారు ఢీకొని చనిపోయారు. గిన్నిస్ వారు మాత్రం ఆయన రికార్డును ఒప్పుకోలేదు. జనన ధ్రువపత్రం లేదన్నారు. సర్వీసు రిజిస్టరులో పుట్టిన తేదీ సరిచేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవారికి ఆయన బాధ వేరే చెప్పనక్కరలేదు!

ఈ కథలో నాకు ముఖ్యమనిపించింది నూరేళ్ల వయసు కాదు, బృందం. రిటైరైన మరునాటి నుంచి మనం పోగొట్టుకునేది జీతంలో సగం ఒక్కటే కాదు. పొద్దున్నే లేచి పోవలసిన చోటు, మనం రాకపోతే 'ఏమైంది, ఎందుకు రాలేదు?' అని అడిగే మనుషులు కూడా పోతారు. పరుగు సంఘాలు తిరిగి ఇస్తున్నది సరిగ్గా అదే. పాత రన్నరు కూడా ఒంటరివాడు కాడు. అవతలి మజిలీలో అతని గంటల కోసం చెవి ఒగ్గి కూర్చున్న మనిషి ఉండేవాడు.

హైదరాబాద్ రన్నర్స్ వారు కొత్తవాళ్ల కోసం 'కౌచ్ టు 5కె' అనే ఉచిత శిక్షణ నడుపుతారు. కాసేపు నడక, కాసేపు పరుగు, వారానికి కొంత చొప్పున పెంచుకుంటూ పోయి 5 కిలోమీటర్లకు చేరడం దాని పద్ధతి. మన వయసువారికి పరుగు అవసరం లేదు, ఆ పద్ధతి చాలు. బి.పి., షుగరు, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి. ఛాతీలో నొప్పిగానీ, కళ్లు తిరగడంగానీ అనిపిస్తే వెంటనే ఆగిపోవాలి. పక్కవాడితో మాట్లాడలేనంత వేగం మనకు వద్దు.

ఏటా నవంబరులో బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. అది ఏడాదికి ఒక్కసారి. రోజూ పొద్దున ఆరు గంటలకు ఒకచోట కలిసి ఒక మైలు నడిచే అయిదారుగురు ఉంటే మనం ఒకరికొకరం రోజూ ఇచ్చుకునే సర్టిఫికెట్ అవుతుంది. మన సంఘం వచ్చే సమావేశంలో ఈ విషయం ఆలోచించాలని, రిటైరైన మహిళా ఉద్యోగులను, కుటుంబ పెన్షనర్లను కూడా ఇందులో కలుపుకోవాలని నా మనవి.