అతడు (సినిమా) – ప్రేక్షకాభిప్రాయాలు

అతడు, 2005 ఆగష్టు 10న విడుదలైన తెలుగు సినిమా. త్రివిక్రమ్ శ్రీనివాస్ రచన, దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో మహేష్ బాబు, త్రిష నాయకానాయికలు. డబ్బు తీసుకుని హత్యలు చేసే ఒక యువకుడు, తాను చేయని హత్యకు నిందితుడై, చనిపోయిన మరొకరి పేరుతో ఒక పల్లెటూరి కుటుంబంలో చేరడం ఇందులోని కథాంశం. కిరాయి హంతకుడిని కథానాయకుడిగా నిలిపి, అతనిపై సానుభూతి కలిగేలా చెప్పిన ఈ కథపై ప్రేక్షకులలో విడుదలైన నాటి నుండి అనేక అభిప్రాయాలు వెలువడ్డాయి. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ అభిప్రాయాలను, వాటికి గల కారణాలను వివరిస్తుంది.

చిత్ర విశేషాలు

మురళీమోహన్‌కు చెందిన జయభేరి ఆర్ట్స్ సంస్థ ఈ చిత్రాన్ని నిర్మించింది. అంతకు ముందు స్వయంవరం (1999), నువ్వు నాకు నచ్చావ్ (2001), మన్మథుడు (2002) వంటి చిత్రాలకు మాటల రచయితగా పేరు పొందిన త్రివిక్రమ్‌కు, నువ్వే నువ్వే (2002) తరువాత దర్శకునిగా ఇది రెండవ చిత్రం. మణిశర్మ సంగీతాన్ని, కె.వి.గుహన్ ఛాయాగ్రహణాన్ని, ఎ.శ్రీకర్ ప్రసాద్ కూర్పును, తోట తరణి కళాదర్శకత్వాన్ని నిర్వహించారు. పాటలలో ఎక్కువ భాగం సిరివెన్నెల సీతారామశాస్త్రి రచించారు.

ముఖ్య పాత్రధారులు:

మహేష్ బాబు – నందు (నందగోపాల్)
త్రిష – పూరి
సోనూ సూద్ – మల్లి
ప్రకాష్ రాజ్ – సి.బి.ఐ. అధికారి ఆంజనేయ ప్రసాద్
నాజర్ – సత్యనారాయణ మూర్తి
షాయాజీ షిండే – శివారెడ్డి
కోట శ్రీనివాసరావు – బాజిరెడ్డి
రాజీవ్ కనకాల – పార్థు
తనికెళ్ళ భరణి – నాయుడు
బ్రహ్మానందం – కృష్ణమూర్తి
సునీల్ – రమణ

కథా సంగ్రహం

నందు చిన్నతనం నుండి నేరప్రపంచంలో పెరిగిన కిరాయి హంతకుడు. మల్లి అతని స్నేహితుడు, వృత్తిలో భాగస్వామి. ప్రతిపక్ష నాయకుడు శివారెడ్డి, ఎన్నికలలో ప్రజల సానుభూతి సంపాదించడం కోసం తనపై తానే కాల్పులు జరిపించుకోవాలని ఆ పనిని నందుకు అప్పగిస్తాడు. ఒప్పందం ప్రకారం గాయపరచాలే గాని చంపకూడదు. కాని నందు కాల్చక ముందే మరెవరో శివారెడ్డిని కాల్చి చంపుతారు. హంతకుడన్న ముద్ర నందుపై పడుతుంది.

పోలీసుల నుండి తప్పించుకుని రైలెక్కిన నందుకు పార్థు అనే యువకుడు పరిచయమవుతాడు. చిన్నతనంలో ఇల్లు విడిచి వెళ్ళిన పార్థు, ఏళ్ళ తరువాత తన వారిని చూసుకోవడానికి వెళుతుంటాడు. నందుకు గురిపెట్టిన పోలీసు తూటా తగిలి పార్థు మరణిస్తాడు. నందు ఆ ఊరు చేరగా, ఇంటి పెద్ద సత్యనారాయణ మూర్తితో సహా అందరూ అతనినే పార్థు అనుకుంటారు. అతడు ఆ పేరుతోనే అక్కడ ఉండిపోతాడు. ఆ ఇంటి కష్టాలను తీరుస్తాడు, పూరి ప్రేమను పొందుతాడు. మరొకవైపు ఆంజనేయ ప్రసాద్ దర్యాప్తు అతనిని సమీపిస్తుంది. శివారెడ్డిని చంపించినది అతని అనుచరుడైన బాజిరెడ్డి అని, ఆ పని చేసినది స్నేహితుడైన మల్లి అని నందు తెలుసుకోవడం, మల్లితో పోరాటం, నిజం తెలిసిన తరువాత కూడా కుటుంబం అతనిని ఆదరించడం చివరి భాగం.

విడుదల నాటి స్పందన

ఆ రోజులలో మహేష్ బాబు చిత్రాలలో మురారి (2001), ఒక్కడు (2003) ప్రేక్షకాదరణ పొందినవి. వాటిలోని చురుకైన యువకునికి భిన్నంగా, ఇందులో నాయకుడు చాలా తక్కువ మాట్లాడుతాడు. నవ్వడం కూడా అరుదే. ఈ మార్పు కొందరికి కొత్తగా, ఆకర్షణీయంగా తోచింది. మాటల రచయితగా హాస్యానికి పేరుపడిన త్రివిక్రమ్ నుండి మరింత వినోదాన్ని ఆశించిన వారికి నాయకుని మౌనం వెలితిగా అనిపించింది.

మొదటి భాగంలోని కాల్పులు, భవనాల మీదుగా పారిపోవడం, రైలు సన్నివేశం ఉత్కంఠభరితంగా ఉన్నాయన్నది సాధారణంగా వినిపించే అభిప్రాయం. పల్లెటూరిలోకి ప్రవేశించిన తరువాత కథ నెమ్మదించినదని, నిడివి ఎక్కువైనదని చెప్పేవారూ ఉన్నారు. చిత్రం దాదాపు మూడు గంటలు ఉండడం ఈ విమర్శకు ఒక కారణం. అయితే ఆ పల్లెటూరి భాగమే సినిమాకు ప్రాణమని భావించేవారి సంఖ్య కాలక్రమంలో పెరిగింది.

చిత్రం ప్రేక్షకాదరణ పొందినప్పటికీ, మరుసటి సంవత్సరం (2006) విడుదలైన పోకిరి సాధించిన స్థాయి వసూళ్ళను సాధించలేదు. 2005 సంవత్సరానికి గాను ఉత్తమ నటునిగా మహేష్ బాబుకు, ఉత్తమ సంభాషణల రచయితగా త్రివిక్రమ్‌కు ఈ చిత్రం ద్వారా నంది పురస్కారాలు లభించాయి.

నాయకుని పాత్రపై అభిప్రాయాలు

ఈ చిత్రంపై జరిగే చర్చలో ప్రధానమైనది నందు పాత్ర నైతికత. డబ్బు కోసం ప్రాణాలు తీసినవాడిని ప్రేక్షకుడు ఎందుకు క్షమిస్తాడు అన్నది ఆ ప్రశ్న.

సానుభూతి కలగడానికి కథ అల్లికలోనే కొన్ని ఏర్పాట్లు కనిపిస్తాయి. మొదటిది, కథకు మూలమైన హత్య నందు చేసినది కాదు. రెండవది, పార్థు మరణానికి నందు కారణమే అయినా, తూటా పేల్చినది అతడు కాదు. మూడవది, పార్థుగా చెలామణి కావడం దురాశతో వేసిన పథకం కాదు. ఇంట్లోని వారే పొరపాటు పడగా అతడు దానిని సరిదిద్దకుండా ఉండిపోతాడు. నాలుగవది, తల్లిదండ్రులు, బంధువులు లేని వానికి మొదటిసారి ఒక ఇల్లు దొరకడం. ఈ నాలుగింటి వల్ల అతని నేరచరిత్ర వెనుకకు పోయి, ఒంటరితనం ముందుకు వస్తుంది.

దీనిని మెచ్చుకునేవారు, మంచితనం పుట్టుకతో వచ్చేది కాదని, మనిషికి దొరికిన ఆప్యాయతను బట్టి మారుతుందని ఈ కథ చెబుతుందని అంటారు. నందు ఆ ఇంట్లో ఎక్కువగా ఉపన్యాసాలివ్వడు, తన గతం గురించి కన్నీళ్ళు పెట్టుకోడు. ఇంటి పనులు, పొలం తగాదా, పెళ్ళి వేడుకల మధ్య అతని చూపులోనే మార్పు తెలుస్తుంది. మహేష్ బాబు నటనలోని ఈ నిగ్రహాన్ని అతని ఉత్తమ నటనలలో ఒకటిగా అభిమానులు పేర్కొంటారు.

దీనికి భిన్నమైన అభిప్రాయం కూడా బలమైనదే. శివారెడ్డి హత్య విషయంలో నందు నిర్దోషి కావచ్చును గాని, అంతకు ముందు చేసిన హత్యలకు అతడు ఎవరికీ జవాబు చెప్పుకోడు. ఆ హతుల కుటుంబాలు తెరపైకి రావు. చేయని నేరం నుండి బయటపడడంతో, చేసిన నేరాలు కూడా కడిగివేయబడినట్లు కథ ముగుస్తుందని ఈ పక్షంవారి అభ్యంతరం.

పార్థు విషయం మరింత సున్నితమైనది. ఏళ్ళ తరువాత ఇంటికి బయలుదేరిన మనుమడు దారిలోనే చనిపోయాడన్న సంగతి ఆ వృద్ధులకు చాలాకాలం తెలియదు. వారు పార్థుకు దాచి ఉంచిన ప్రేమ అంతా మరొకరికి దక్కుతుంది. నందు పొందిన ఆనందమంతా ఆ మరణంపై నిలబడి ఉన్నదన్న స్పృహ సినిమా చూస్తున్నంతసేపు వెంటాడుతుందని, అదే చిత్రానికి బరువునిచ్చిందని కొందరు భావిస్తారు. హాస్యం, పాటల మధ్య ఆ బరువు మరుగున పడిందని మరికొందరు భావిస్తారు. చివరలో సత్యనారాయణ మూర్తి నిజాన్ని ఎదుర్కొనే సన్నివేశాలు, నాజర్ నటన ఈ రెండు పక్షాల ప్రశంసలూ పొందాయి.

పోకిరితో పోలిక

పోకిరి చిత్రంలో కూడా మహేష్ బాబు డబ్బు తీసుకుని హత్యలు చేసేవానిగా కనిపిస్తాడు. కాని చివరకు అతడు రహస్యంగా పనిచేస్తున్న పోలీసు అధికారి అని తెలుస్తుంది. అందువలన అక్కడ ప్రేక్షకునికి నైతికమైన ఇబ్బంది మిగలదు. అతడులో అటువంటి మలుపు లేదు. నందు మొదటి నుండి చివరి వరకు నిజంగా హంతకుడే. అతనిని అంగీకరించాలో లేదో నిర్ణయించుకోవలసిన బాధ్యత సత్యనారాయణ మూర్తి కుటుంబంతో పాటు ప్రేక్షకునిపై కూడా పడుతుంది. రెండు చిత్రాల వసూళ్ళలోని తేడాకు ఇదొక్కటే కారణమని చెప్పలేము గాని, వాటి స్వభావంలోని తేడాను ఈ అంశం స్పష్టం చేస్తుంది.

ఇతర అంశాలపై అభిప్రాయాలు

సంభాషణలు: చిన్న వాక్యాలలో చమత్కారాన్ని, జీవితానుభవాన్ని కలిపిన మాటలు ఈ చిత్రానికి ప్రధాన ఆకర్షణ. నందు ధైర్యాన్ని చూసిన నాయుడు తన అనుచరుడు బుజ్జితో అనే చిన్న మాట జనం నోళ్ళలో వాడుకగా మారింది. పాత్రలన్నీ రచయిత గొంతుతోనే మాట్లాడుతున్నట్లుంటాయన్నది విమర్శ.

దర్యాప్తు: ఆంజనేయ ప్రసాద్ పాత్ర తెలివిగా, గౌరవప్రదంగా రూపొందించబడింది. ప్రేక్షకుడు నాయకుడు తప్పించుకోవాలని కోరుకుంటూనే, అధికారి నిజం కనుక్కోవాలని కూడా కోరుకోవడం ఈ పాత్ర సాధించిన ఫలితం.

నాయిక: పూరి పాత్ర అమాయకత్వానికి, అల్లరికి పరిమితమైనదని, కథను నడిపించే పాత్ర ఆమెకు లేదని ఎక్కువమంది విమర్శిస్తారు.

పోరాటాలు: పాత చర్చి భవనంలో నందు, మల్లి మధ్య జరిగే పోరాటం సాంకేతికంగా ప్రశంసలు పొందింది. ఇద్దరు స్నేహితుల మధ్య ద్రోహం నేపథ్యంగా ఉండడంతో దానికి భావోద్వేగం కూడా తోడైనది. పోరాటాల చిత్రీకరణలో హాలీవుడ్ ప్రభావం ఎక్కువని చెప్పేవారున్నారు.

టెలివిజన్ ద్వారా పెరిగిన ఆదరణ

ఈ చిత్రానికి నేడు ఉన్న పేరులో టెలివిజన్ పాత్ర పెద్దది. మా టీవీలో ఇది మళ్ళీ మళ్ళీ ప్రసారమైంది. థియేటరులో నెమ్మదిగా ఉన్నట్లు తోచిన పల్లెటూరి సన్నివేశాలు, ఇంట్లో కుటుంబంతో కలిసి ముక్కలు ముక్కలుగా చూసేవారికి దగ్గరయ్యాయి. ఎక్కడ నుండి మొదలుపెట్టినా చూడగలిగే సినిమాగా దీనికి పేరు వచ్చింది. విడుదల నాటికి పసిపిల్లలుగా ఉన్నవారు కూడా సంభాషణలను కంఠతా చెప్పగలగడానికి ఇదే కారణం. 2025 ఆగష్టు 9న, మహేష్ బాబు 50వ పుట్టినరోజు సందర్భంగా, ఈ చిత్రం 4కె రూపంలో థియేటర్లలో మళ్ళీ విడుదలైంది.

పునర్నిర్మాణాలు

ఈ చిత్రం తమిళంలోకి నందు పేరుతో అనువదించబడింది. హిందీలో బాబీ డియోల్ నాయకునిగా ఏక్ – ద పవర్ ఆఫ్ వన్ (2009), బెంగాలీలో జీత్ నాయకునిగా వాంటెడ్ (2010) పేర్లతో పునర్నిర్మించబడింది. హిందీ చిత్రం విజయం సాధించలేదు. మాతృకలోని సంభాషణల సొగసును, తెలుగు పల్లెటూరి ఉమ్మడి కుటుంబ వాతావరణాన్ని మరొక భాషలోకి తీసుకువెళ్ళడం కష్టమని తెలుగు ప్రేక్షకులు దీనిని ఉదాహరణగా చూపుతుంటారు.

ఇవి కూడా చూడండి

త్రివిక్రమ్ శ్రీనివాస్
మహేష్ బాబు
పోకిరి
ఖలేజా (2010)